తూర్పుకు తొక్కేవాళ్లు

మల్కాజిగిరికి వారంలో రెండు రోజులు కాస్త ముందే తెల్లవారుతుంది. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి. ఆ రెండు రోజులూ సూర్యుడి కంటే ముందు లేచేవి సీటు కింద మినుకుమినుకుమనే చిన్న ఎర్రదీపాలు. హెచ్‌ఎంటీ నగర్ సందులోంచి ఒకటి, మల్లాపూర్ మలుపులోంచి ఒకటి, రామంతాపూర్ వైపు నుంచి ఇంకొకటి, హబ్సిగూడ దారిలో జంటగా రెండు. విడివిడిగా బయల్దేరి ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర ఒక్క గుంపవుతాయి. తలమీద మెట్రో పట్టాలు ఇంకా మోగవు. స్కైవాక్ మీద మనిషి ఉండడు. వరంగల్ బస్సు కోసం మూటల మీద కూర్చున్నవాళ్లు, పొయ్యి మీద మొదటి పాలు, వాటి పక్కన హెల్మెట్ల పట్టీలు బిగించుకుంటూ మీరు.

“అన్నా, గాలి చూసినవా?”

“చూసిన. అక్క ఏది?”

“నాచారం దాటిందట. వచ్చేస్తది.”

వారాంతపు సైకిలు సవారీదారులారా, ఈ మాటలు మీకోసం. మీలో స్కూలు టీచరున్నాడు, బ్యాంకు క్యాషియరున్నది, నాచారం పారిశ్రామికవాడలో లేత్ మెషిన్ తిప్పే మనిషున్నాడు, ప్రయోగశాలలో రాత్రంతా కళ్లు కాయలు కాచినవాడున్నాడు, పిల్లల టిఫిన్ డబ్బాలు రాత్రే సర్దిపెట్టి వచ్చిన తల్లి ఉన్నది. ఇందులో మీకు జీతం పెరగదు, పేపర్లో ఫొటో పడదు. పోటీ పెట్టుకున్నా పందెం డబ్బు ఉండదు. వారమంతా పనికి ఇచ్చిన ఒంటిని వారాంతంలో దానికే తిరిగి ఇచ్చేస్తారు. నేను ఈ నగరంలో చూసిన దానాల్లో ఇది చాలా పెద్దది.

మీరు తూర్పుకు తొక్కుతారు. అందులోనే మీ ప్రత్యేకత ఉంది. గచ్చిబౌలి నుంచి వికారాబాద్ దిక్కుకు వెళ్లేవాళ్లకు పొద్దు వీపు మీద పొడుస్తుంది. మీకు మాత్రం కళ్లలోనే పొడుస్తుంది. ఉప్పల్ దాటాక పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి. నారపల్లి దాటేసరికి చీకటి నీలమవుతుంది, జోడిమెట్ల దగ్గర నీలం బూడిదరంగులోకి జారుతుంది, ఘట్‌కేసర్ ముంగిట ఆకాశం అంచు చీలి ఎర్రటి బింబం రోడ్డు చివర నిలబడుతుంది. ఆ వెలుగులో ముందువాడి నీడ మీ చక్రం మీదికి సాగుతుంది. ఎవరూ మాట్లాడరు. చైను పళ్ల మీద జారే సవ్వడి తప్ప ఇంకేమీ వినపడని ఆ రెండు మూడు కిలోమీటర్ల కోసమే వారమంతా ఎదురుచూశామని మీలో ఎవరినడిగినా చెబుతారు.

ఈ నేల కూడా మీతోనే తూర్పుకు నడుస్తుంది. నగరాన్ని చీల్చుకుని వచ్చిన మూసీ నాగోలు దాటి ఇటే పోతుంది. దానితోపాటే భూమి మెల్లగా దిగుతుంది. కాబట్టి వెళ్లేటప్పుడు కాళ్లకు తెలియకుండానే వేగం వస్తుంది. వానాకాలం నాలుగు నెలలూ గాలి పడమటి నుంచి వీస్తుంది. వీపున చెయ్యి వేసి నెట్టినట్టే ఉంటుంది భువనగిరి దాకా. అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో. అప్పుడు ఎత్తు ఎదురొస్తుంది, గాలి రొమ్ముకు తగులుతుంది, నెత్తిన ఎండ ముదురుతుంది. చలికాలంలో గాలి దిక్కు మారి తూర్పు నుంచి వీస్తే లెక్క తిరగబడుతుంది. అప్పుడు మీ మొహాల్లో వెలుగు చూడాలి! వాతావరణ శాఖ చెప్పేలోపే రుతువు మారిందని మీ తొడలు చెబుతాయి.

దారిలో మీకంటే ముందే లేచినవాళ్లు ఎదురవుతారు. హ్యాండిలుకు రెండు వైపులా పాల క్యాన్లు తగిలించుకుని బోడుప్పల్ దిక్కు నుంచి వచ్చే పెద్దమనిషి. ముందు బుట్టలో పేపర్లు మడిచి పెట్టుకున్న కుర్రాడు. చర్లపల్లి, నాచారం కంపెనీల్లో రాత్రి కాపలా ముగించి, టిఫిన్ డబ్బా కడ్డీకి వేలాడదీసుకుని ఇంటిదారి పట్టిన వాచ్‌మన్. మూసీ ఒడ్డున పశువులకని పెంచే పచ్చగడ్డి మోపు వెనక కట్టుకుని, మోపులో తానే మునిగిపోయి కదిలే రైతు. వాళ్లది గేరు లేని బరువైన సైకిలు, మీది గాలికి తేలే కార్బన్ ఫ్రేము. వాళ్లది అవసరం, మీది ఇష్టం. అయినా ఎదురుపడినప్పుడు మీలో ఒకరు చెయ్యెత్తి దండం పెడతారు, ఆయన బెల్లు కొట్టి బదులిస్తాడు. మౌలాలి, కుషాయిగూడ, నాచారం వైపు కర్మాగారాలు వెలిసిన కాలంలో షిఫ్టు సైరన్ మోగితే రోడ్డు నిండా సైకిళ్లే. ఆ తరం పిల్లలే మీలో చాలామంది. నాన్న సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి, మోకాళ్లు చీరుకుంటూ నేర్చుకున్నవాళ్లు. మధ్యలో స్కూటర్లొచ్చాయి, కార్లొచ్చాయి, ఈఎంఐలొచ్చాయి. నలభై దాటాక మళ్లీ అదే ఇనుప గుర్రం దగ్గరికి వచ్చారు. ఈసారి కాళ్లు నేలకు అందుతున్నాయి.

గుంపుగా తొక్కడంలో ఒక ధర్మం ఉంది. దాని గురించి కాస్త ఆగి చెప్పాలి.

సైకిలు మనిషికి శత్రువు గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డుకునే బలం నాలుగింతలవుతుంది. దాన్ని చీల్చడానికి కాళ్లు ఖర్చుపెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలవుతుంది. గంటకు 30 కిలోమీటర్లు దాటాక చెమటలో ఎక్కువ భాగం గాలికే పోతుంది. కానీ ముందువాడి వెనక చక్రానికి మీ ముందు చక్రాన్ని జానెడు, మూరెడు దూరంలో పెట్టి తొక్కితే ఆ శ్రమలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మిగులుతుంది. ముందున్నవాడు మీ గాలిని కూడా తానే తింటున్నాడన్నమాట. అతను అలసిపోకముందే మోచెయ్యి చిన్నగా ఆడించి పక్కకు తప్పుకుంటాడు, వరుస వెంట వెనక్కి జారుతాడు, రెండోవాడు ముందుకొచ్చి రొమ్ము గాలికి అడ్డం పెడతాడు. అలా ఒకరి తర్వాత ఒకరు. దూరం నుంచి చూస్తే బతుకమ్మ రాత్రి కోలాటమే: అడుగు తప్పితే పక్కవాడి కర్ర తగులుతుంది, కాబట్టి ఎవరూ అడుగు తప్పరు. బలమున్నవాడు ఎక్కువ సేపు ముందుంటాడు, లేనివాడు తక్కువసేపుంటాడు. ఎవరూ లెక్క రాసుకోరు. కొత్తగా వచ్చినవాణ్ణి మొదటి నెల ముందుకే రానివ్వరు. “నువ్వు చక్రం పట్టుకో తమ్మీ, గాలి మేం చూసుకుంటం” అంటారు. ఇంతకంటే సున్నితమైన మర్యాద నేను పెళ్లిళ్లలోనూ చూడలేదు.

ఆ వరుసలో మాట కూడా చేతి నుంచి చేతికి పోతుంది. మొదటివాడు “గుంత!” అంటాడు, వేలు కిందికి చూపిస్తాడు. రెండోవాడు అదే అంటాడు, మూడోవాడు అదే. చివరి మనిషికి చేరేసరికి గుంత కూడా చేరుతుంది. “గాజుపెంకు.” “కుక్క.” “ఎనుక లారీ.” ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 2018లో మొదలుపెట్టిన వంతెన పని ఏళ్ల తరబడి సాగింది. ఆ దుమ్ములో, ఆ ఇనుప చువ్వల మధ్య, పగిలిన తారు మీద ఈ ఒక్క మాటే మిమ్మల్ని కాపాడింది. మీ అందరి కంటే వెనక ఒకరుంటారు, స్వీప్ అంటారు. బలమైనవాణ్ణే వెనక పెడతారు, అది గమనించాలి. పంక్చరైనవాడి దగ్గర ఆగేది అతను, ట్యూబు మార్చి పంపు కొట్టేది అతను, ఒంట్లో చక్కెర ఇంకిపోయి కళ్లు తిరిగినవాడికి జేబులోంచి ఖర్జూరం తీసి పెట్టేది అతను. అందరి తర్వాత ఇల్లు చేరతాడు. అతని పేరు ఏ పట్టికలోనూ ముందుండదు.

పోటీ లేదా మరి? ఉంది. బీబీనగర్ ఎయిమ్స్ దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా సాగే చోట ఎవరో ఒకరు సీటు మీంచి లేస్తారు. అంతే. ఎవరూ విజిల్ ఊదరు, గీత గీయరు. దూరాన ఒక బోర్డు, ఒక మైలురాయి, ఒక వేపచెట్టు — అదే ముగింపు. అప్పటిదాకా గాలి పంచుకున్నవాళ్లు ఆ అరనిమిషం ఒకరినొకరు కరుణించరు. పళ్లు బిగిసి, భుజాలు ఊగి, ఊపిరి ఎక్కడో గొంతులో ఇరుక్కుని, గెలిచినవాడు చేతులెత్తడానికి కూడా ఓపిక లేక హ్యాండిలు మీద తల వాల్చేస్తాడు. మరో నిమిషానికి అందరూ మళ్లీ వరుసలోకి వచ్చేస్తారు. ఓడినవాడు గెలిచినవాడి సీసాలో నీళ్లు తాగుతాడు.

ఇంకా కసి ఉన్నవాళ్లకు దగ్గర్లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి వెలోడ్రోమ్ 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది. నాచారం నుంచి తార్నాక మీదుగా అక్కడికి కొద్ది దూరమే. ట్రాక్ సైకిలుకు బ్రేకుండదు, గేరు ఒక్కటే, చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరగాల్సిందే. మలుపు దగ్గర ట్రాకు గోడలా పైకి లేస్తుంది. ఆ వాలు మీద నిలబెట్టేది వేగం ఒక్కటే. తగ్గితే జారిపోతారు. ఒకసారి ఆ మలుపు తిరిగి వచ్చిన కుర్రాడి కళ్లు చూడండి. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ రాతి కట్టడం ఎన్ని పట్టాలిచ్చిందో గానీ, ఆ కళ్లలోని పట్టా వేరు.

దూరం పిచ్చి ఉన్నవాళ్ల సంగతి ఇంకో లోకం. వాళ్లను రాండోనర్లంటారు. హైదరాబాద్ రాండోనర్స్ నడిపే బీఆర్‌ఎం అనే దూరపు రైడ్‌లలో మొదటి మెట్టు 200 కిలోమీటర్లు, 13 గంటల 30 నిమిషాల్లో. తర్వాత 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400కు 27, 600కు 40. ఒకే ఏడాదిలో ఈ నాలుగూ పూర్తిచేస్తే సూపర్ రాండోనర్. చేతిలో చిన్న కార్డు, దారిలో కొన్ని చోట్ల దానిమీద ముద్ర. ఫస్టు లేదు, సెకండు లేదు. 9 గంటల్లో వచ్చినవాడికీ, ఇంకో నిమిషంలో గడువు ముగుస్తుందనగా వచ్చినవాడికీ అదే గుర్తింపు. ఇంత న్యాయమైన ఆట ఇంకోటి ఉందా అని నాకు నిజంగానే అనుమానం. ఈ పద్ధతి పుట్టింది ఫ్రాన్సులో. అక్కడ 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ ఇప్పుడు నాలుగేళ్లకోసారి వస్తుంది. 2023 ఆగస్టులో ఆ దారి 1,219 కిలోమీటర్లు, గడువు 90 గంటలు. ఎక్కిదిగిన గుట్టలన్నీ కలిపితే ఎవరెస్టు కంటే ఎత్తు. మన నగరం నుంచి కూడా అక్కడికి వెళ్లినవాళ్లున్నారు. వాళ్లు ముందుగా సాధన చేసింది ఇలాంటి రోడ్ల మీదే, రాత్రి లారీల లైట్ల మధ్య, మెరిసే జాకెట్ తొడుక్కుని, నిద్ర ముంచుకొస్తే బస్‌స్టాపు అరుగు మీద పావుగంట కునుకు తీసి.

రాత్రి రెండింటికి, ఊరేదో తెలియని చోట, ఒక్కడివే ఉన్నప్పుడు సైకిలు నీతో ఏం మాట్లాడుతుందో నేను చెప్పలేను. వాళ్లు కూడా చెప్పరు. నవ్వుతారు.

ఇక్కడ ఒక మనిషి పేరు చెప్పాలి. ఆదిత్య మెహతా, మన హైదరాబాదే. రోడ్డు ప్రమాదంలో కాలు పోయింది. ఆ తర్వాతే సైకిలెక్కారు. 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు గెలిచారు. అక్కడితో ఆగలేదు. తన పేరున సంస్థ పెట్టి, విధి నిర్వహణలో అవయవాలు పోగొట్టుకున్న జవాన్లను కూడా సైకిలెక్కించారు. ఆదివారం పొద్దున అలారం మోగినప్పుడు కాళ్లు నొప్పులంటూ దుప్పటి ముసుగేసుకునే ముందు ఆయన్ని తలచుకుంటామని క్లబ్బు మిత్రులు చాలామంది చెబుతారు. నాకది భక్తిగానే వినిపిస్తుంది.

భువనగిరి కనబడే క్షణం వస్తుంది. మైదానంలోంచి ఉన్నట్టుండి లేచే ఒకే ఒక్క బండ, నెత్తిన కోట. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుమీద త్రిభువనగిరి అయింది. మొదటిసారి వచ్చినవాడు తొక్కడం ఆపేస్తాడు. ఆపేసి అలా చూస్తాడు. కారులో వందసార్లు పోయిన దారే. అప్పుడది కిటికీలోంచి జారిపోయిన రాయి. ఇప్పుడు గంటన్నరగా తాను సొంత కాళ్లతో దగ్గరికి తెచ్చుకున్న కొండ. అక్కడి నుంచి ఓపికున్నవాళ్లు రాయగిరి మీదుగా యాదగిరిగుట్ట దాకా వెళ్తారు. కింద సైకిలు నిలిపి, గుట్టకేసి ఒక నమస్కారం. హెల్మెట్ తీసిన తలలోంచి చెమట కారుతుంటే పెట్టిన నమస్కారం అది. కొన్ని వారాలు బీబీనగర్ నుంచి పక్కకు తిరిగి పోచంపల్లి. 1951లో వినోబా భావే అడగగానే ఒక భూస్వామి వందెకరాలు ఇచ్చిన ఊరు. ఇంకా మగ్గం చప్పుడు వీధిలోకి వినపడే ఊరు. ఆ చప్పుడు పక్కన సైకిలు ఫ్రీవీల్ టికటికలు కలిసినప్పుడు చెవికి ఎంత హాయో!

కాలాన్ని మీరు తినే వస్తువులతో గుర్తుపెట్టుకుంటారు. ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు పక్క తాటిముంజలు. బొటనవేలు గుచ్చితే చల్లటి నీళ్లు చిమ్మే లేతముంజ ముందు ఏ ఎనర్జీ జెల్లూ నిలవదు. అప్పుడు ఐదింటికి కాదు, నాలుగింటికే బయల్దేరాలి. ఎనిమిది దాటితే తారు వేడెక్కుతుంది. వానలు పడ్డాక పత్తిచేలు, బురద, రెయిన్‌కోటు వద్దనే మొండితనం. పెత్తరమాసనాటికి గట్ల మీద తంగేడు, గునుగు. బుట్టలు పట్టుకుని పూలు కోసే పిల్లలు “హలో సార్” అని కేకలేస్తారు. ఆ తర్వాత సీతాఫలాలు. డిసెంబరులో మంచు, చేతివేళ్లు బ్రేకు మీద కొయ్యబారిపోవడం, ఘట్‌కేసర్‌లో గాజు గ్లాసు టీని రెండు చేతుల మధ్య పట్టుకోవడం. ఇడ్లీ ఎప్పుడూ ఉంటుంది. నాలుగు తినేవాడు ఆ రోజు ఎనిమిది తింటాడు. ఎవరూ ఏమీ అనరు.

ఈ యంత్రానికీ ఒక మాట చెప్పాలి. సైకిలా, నువ్వు పెట్రోలు అడగవు, పన్ను అడగవు, గుర్తింపు కార్డు అడగవు. నడకకు పట్టే శక్తిలో ఐదో వంతుతో అదే దూరం తీసుకెళ్తావు. మా అన్నాన్ని నేరుగా దారిగా మారుస్తావు. నీమీద ఎక్కినవాడు డాక్టరైనా డ్రైవరైనా గాలి ఒకేలా కొడుతుంది. చెల్లెలు అన్నను దాటిపోగలదు, అరవై ఏళ్లాయన పాతికేళ్లవాడికి ఎత్తు ఎలా ఎక్కాలో నేర్పగలడు. మా ఉప్పల్ ఆడపిల్లలు చీకట్లో ఇల్లు దాటడానికి నువ్వు ఇచ్చిన ధైర్యం ఉపన్యాసాలు ఇవ్వలేకపోయాయి.

భయం లేదని కాదు. వెనక నుంచి ఒక లారీ మీ మోచేతిని రాసుకుంటూ పోయిన క్షణం ప్రతి ఒక్కరి ఒంట్లోనూ ఉంటుంది. రాంగ్‌సైడులో లైటు లేకుండా వచ్చే ట్రాక్టరు, వెనక చూడకుండా తలుపు తెరిచే కారు, సర్వీసు రోడ్డు మీద పోసిన కంకర. ఇంటి దగ్గర ఒకరు ఫోన్లో మీరున్న చోటు చూస్తూ కూర్చుంటారు. ఆ చుక్క కదులుతున్నంతసేపే వాళ్లకు స్థిమితం. మీరు వచ్చి గేటు తీసిన చప్పుడుతో వాళ్ల ఆదివారం మొదలవుతుంది.

అందుకే ఒక విన్నపం. 2023 అక్టోబరు 1న నగరానికి పడమట, ఔటర్ రింగ్‌రోడ్డు పక్కన, 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వరకు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు. పైన సోలార్ పలకలు, కింద నీడ. మంచి పని, చేసినవాళ్లకు నమస్కారం. తూర్పున అలాంటిది లేదు. ఇక్కడివాళ్లు సైకిళ్లను కార్లకు కట్టుకుని నగరం దాటి అక్కడికి పోలేరు. పాల క్యాన్ల పెద్దమనిషి అసలే పోలేడు. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా, వరంగల్ రోడ్డుకు ఒక పక్కన, లారీ ఎక్కని రెండు మీటర్ల దారి వేయండి. పైకప్పు అక్కర్లేదు, సోలార్ అక్కర్లేదు. అది వారాంతం మీకు, మిగతా ఐదు రోజులూ వాచ్‌మన్‌కూ గడ్డిమోపు రైతుకూ స్కూలు పిల్లలకూ పనికొస్తుంది. అంతవరకు, ఆ రోడ్డు మీద స్టీరింగు పట్టుకున్న అన్నలారా, ముందు ఎర్రదీపం మినుకుమంటే ఒక్క మనిషి వెడల్పు వదిలి పోండి.